పంతొమ్మిది గుర్తులు, ఒక చేపల పులుసు

మైక్రోవేవ్ ఓవెన్ మీద మొత్తం పంతొమ్మిది గుర్తులున్నాయి. నూకాలమ్మకి వాటిలో తెలిసింది ఒక్కటే, అన్నిటికంటే కింద ఉన్న పెద్ద బటన్. ఒకసారి నొక్కితే అరనిమిషం తిరుగుతుంది, రెండుసార్లు నొక్కితే నిమిషం. ఆ మాటకొస్తే, ఆమె వంట చేసే పరిశోధనశాల క్యాంటీన్లో పేరు ముందు డాక్టరు ఉన్నవాళ్ళు నలభైమంది కూడా కాఫీ కప్పు పట్టుకొచ్చి అదే బటన్ నొక్కి పోయేవారు. తక్కిన పద్దెనిమిదీ ఎవరి కోసం వేశారో తయారుచేసినవాడికే ఎరుక. తేడా అల్లా ఒకటే. వాళ్ళకి తెలియకపోతే తీరిక లేదనుకుంటారు, నూకాలమ్మకి తెలియకపోతే చదువు లేదనుకుంటారు.

నూకాలమ్మది విశాఖపట్నం జాలరిపేట. యాభై ఎనిమిదేళ్ళు. కొండ మీది ఆ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా గరిటె తిప్పుతోంది. కొలతలు చూడటం, గడియారం చూడటం ఆమె ఎరగదు. పప్పు ఉడికిందో లేదో మూత తియ్యకుండా చప్పుడు విని చెప్పేది. ఆవాలు ఎప్పుడు చిటపటలు మానుతాయో, చింతపండు ఎప్పుడు పచ్చివాసన వదులుతుందో ఆమె చెవికీ ముక్కుకీ తెలుసు. ఆమె పెట్టే చేపల పులుసు కోసం, శుక్రవారం సెలవు పెట్టినవాళ్ళు కూడా మధ్యాహ్నానికి కొండెక్కి వచ్చేవారు.

క్యాంటీన్లో ఉన్నలాంటి ఓవెనే ఇంట్లోకీ మొగుడి కోసం వచ్చింది. పోలయ్య ముప్ఫై ఏళ్ళు మరపడవ మీద సముద్రం చూసిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మూతి కుడివైపు జారిపోయింది. ఒంటిచేత్తో గ్యాసు వెలిగించలేడు కనక భీమిలిలో ఉన్న కూతురు ఈ పెట్టె కొనిచ్చి వెళ్ళింది. మొగుడూ పెళ్ళాం దాని ముందు చేరి, గుర్తులకి తమకి తోచిన అర్థాలు చెప్పుకున్నారు. మూడు అలల గీతలున్నది సముద్రం కనక చేపలకి. ఆరు కొమ్మలున్నది ఒడ్డుకి కొట్టుకొచ్చే నక్షత్రం చేప, అది తినేది కాదు కనక దాని జోలికి పోకూడదు. పంకా బొమ్మ నొక్కితే కూర చల్లారుతుంది. పైన వంకరటింకర గీత ఏమిటో మాత్రం ఇద్దరికీ అంతుపట్టలేదు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పోలయ్యకి గంజి వేడిగా తాగాలనిపించింది. స్టీలు గిన్నెతోనే లోపల పెట్టి సముద్రం గుర్తు నొక్కాడు. లోపల మెరుపులు మెరిశాయి. హడలిపోయి వెనక్కి తగ్గబోయి పడిపోయాడు. సాయంత్రం నాలుగింటికి నూకాలమ్మ వచ్చేదాకా, తుంటి కమిలి లేవలేక, నేల మీదే ఉన్నాడు.

మర్నాడు ఆమె డాక్టర్ సువర్చల గదికి వెళ్ళింది. సువర్చల ఆ పరిశోధనశాలలో ఒక విభాగానికి పెద్ద. మెదడు గురించి ఎన్నో పుస్తకాలు చదివిన మనిషి, కాఫీ తప్ప ఏదీ కాచుకోవడం రాని మనిషి.

"నాను మానీస్తానమ్మా. ఇంకోల్లని సూసుకోండి" అంది నూకాలమ్మ. "ఆ మడిసి మజ్జానం ఏడిగా తినాల. నానింట్లో ఉంటే తప్ప అవదు."

"మీకు మానాలని ఉందా?"

"నాకెందుకుంటాది? నాకు ఈ పొయ్యి తప్ప ఇంకేటి తెల్సు."

సువర్చల సొరుగులోంచి ఒక పట్టీ తీసింది. తలనొప్పికి నుదుటికి కట్టుకునే గుడ్డపట్టీలాగే ఉంది, లోపలివైపు మాత్రం సన్నటి తీగలున్నాయి.

"ఇది కట్టుకుని ఒక గుర్తు చూస్తే, దాని అర్థం నేరుగా మీలోకి దిగుతుంది. బట్టీపట్టక్కర్లేదు, అక్షరాలు రానక్కర్లేదు. మా విద్యార్థులు ముప్ఫైమంది కట్టుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. అక్షరం రానివాళ్ళకి పనిచేస్తుందా అన్నది ఇంకా చూడలేదు. మూడు రోజులు కూర్చోండి. మీరు నేర్చుకుని ఆయనకి నేర్పితే, ఉద్యోగం మానక్కర్లేదు. తర్వాత ఇరవై ఒక్క రోజులు గమనిస్తాం. ఆ లోపల ఇబ్బంది ఏదైనా ఉంటే అంతా తుడిచెయ్యొచ్చు. ఆ తర్వాత మాత్రం పాతుకుపోతుంది."

"నొప్పెడతాదేటమ్మా?"

"కొంచెం చల్లగా ఉంటుంది, అంతే."

పట్టీ కట్టే గది తెల్లగా ఉంది. తెల్ల గోడలు, తెల్ల కుర్చీ. దృష్టి చెదరకూడదని చిన్న చప్పుడు గాని, వాసన గాని లేకుండా కట్టారు. నూకాలమ్మ చీరకొంగు ఒళ్ళో ముడిచిపెట్టుకుని కూర్చుంది. తెర మీద మూడు అలల గీతలు వచ్చాయి. చెవి వెనక చల్లగా తగిలింది. ఆ వెంటనే ఆమె అరచేతిలో, గిన్నె చల్లగానే ఉండి లోపలి నీళ్ళు మాత్రం అటూ ఇటూ ఊగి కాగుతున్నట్టు తెలిసింది.

"ఇది సముద్రం కాదు" అంది మెల్లిగా. "లోపల్నించి ఏడి. గిన్నె కాగదు, మెతుకులో ఉన్న నీల్లు ఊగి కాగతాయి."

సువర్చల రాస్తున్న కలం ఆపి ఆమెకేసి చూసింది. ఈ ముక్క విద్యార్థులకి అర్థమయ్యేలా చెప్పడానికి తను ఒక గంట పాఠం చెప్పేది.

మూడు రోజుల్లో పంతొమ్మిదీ వచ్చేశాయి. నక్షత్రం చేప మంచుగడ్డగా మారింది, దాని కింద చుక్కలు కరిగి కారుతున్న నీళ్ళని తెలిసింది. పైనున్న వంకర గీత పైనుంచి కాల్చే నిప్పు. పంకా చల్లార్చేది కాదు, వేడిగాలిని తిప్పేది. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఓవెన్ ముందు నిలబడి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది.

"స్టీలు గిన్ని ఎట్టకూడదు మావా. ఇదిగో, ఈ గాజుది ఎట్టు. అలలు నొక్కు, రెండు నిముసాలు. గడ్డ కట్టిన సేపకి ఈ మంచు నొక్కు."

"మూడు రోజుల్లో ఇంత సదువు సదివేసినావా నూకాలూ" అన్నాడు పోలయ్య. ఎడమవైపు మూతి మాత్రమే నవ్వింది. అతనికి మాత్రం చదువు అంత తొందరగా ఎక్కలేదు, రెండు గుర్తుల దగ్గరే ఆగిపోయాడు. ఆ రెండింటితోనే మధ్యాహ్నం భోజనం గట్టెక్కింది.

ఆ తర్వాత నూకాలమ్మకి ఊరంతా కొత్తగా కనబడింది. పట్టీ నేర్పినవి కొన్నే అయినా, గుర్తుని చూసి అర్థం లాగే పద్ధతి వంటబట్టింది. లిఫ్టులో తలుపు తెరిచే బటన్ తనే నొక్కింది. మొగుడి మాత్రల అట్ట మీద సూర్యుడున్నవి పొద్దుటికీ, చంద్రుడున్నవి రాత్రికీ అని తనే విడదీసి పెట్టింది. ఇన్నాళ్ళూ మందుల షాపువాడు చెప్పింది గుర్తుపెట్టుకోలేక రెండుపూటలా తెల్లమాత్రే వేసేది. ఆ సంగతి తెలిసిన పూట మాత్రలు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడ్చింది కూడా.

క్యాంటీన్లో మాత్రం ఏదో తేడా వచ్చింది. ఒకరోజు సాంబారులో పోపు మాడింది. ఇంకోరోజు పప్పు పలుకుగా ఉంది. తినేవాళ్ళు వయసు మీద పడిందిలే అనుకుని సర్దుకున్నారు. నూకాలమ్మ చెవికి ఆవాల చప్పుడు వినబడుతూనే ఉంది. వినబడి ఊరుకుంటోంది, అంతే. మునుపటిలా దించమని చెప్పడం లేదు. కొత్త చదువు హడావుడిలో ఆమె దాన్ని పట్టించుకోలేదు.

పద్నాలుగో రోజు ఆదివారం. కానాగంత చేపలు తెచ్చి పులుసు పెట్టింది. పోలయ్య పళ్ళెం ముందు కూర్చున్నాడు. పక్కింటి పిల్లి అలవాటుగా గుమ్మం దాటి వచ్చింది. నూకాలమ్మ దానికి తోకముక్క ఒకటి వేసింది. జాలరిపేట పిల్లి అది, ముల్లు కూడా మిగల్చదు. అది దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నూకాలమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత మొగుడికేసి చూసింది. అతను కళ్ళు మూసుకుని, ముద్ద నమలకుండా మింగుతున్నాడు.

"మావా. ఎలాగుంది పులుసు?"

"బాగుంది."

"పిల్లి ఎల్లిపోనాది."

ఆమె అతని పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. చేదుగా ఉందని తెలిసింది. కాని ఆ చేదు మాడుకి గుర్తో, మామూలుగా ఉండేదేనో తేల్చుకోలేకపోయింది. మూడు రోజుల చదువుకి ముందు ఓవెన్ ఎదట ఎలా నిలబడేదో, ఇప్పుడు తన కుండ ఎదట అలా నిలబడింది.

"ఎన్నాల్ల నించి ఇలాగుంది?"

"పదకొండు రోజులు" అన్నాడు పోలయ్య తల వంచుకుని. "నువ్వు అంత సంబరంగా తిరుగుతుంటే, నానెలా సెప్పీది?"

సోమవారం పొద్దున్నే సువర్చల ఆమెని మళ్ళీ తెల్లగదిలో కూర్చోబెట్టి మెదడు బొమ్మలు తీసింది. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. చివరికి కుర్చీ లాక్కుని నూకాలమ్మ ఎదురుగా కూర్చుంది.

"తప్పు మాదే నూకాలమ్మా. 'వేడి ఇంత చాలు, ఇక ఆపు' అని చెప్పే చోటు మెదడులో ఒకటుంది. మేము ఈ పట్టీని కట్టింది విద్యార్థులకి. వాళ్ళెవరికీ వంట రాదు. ఆ చోటు వాళ్ళకి ఖాళీగానే ఉంది, గుర్తులు వెళ్ళి హాయిగా కూర్చున్నాయి. మీకు అక్కడ నలభై ఏళ్ళ వంట ఉంది. గుర్తులు దాన్ని నెట్టేశాయి. వంట వచ్చినవాళ్ళ మీద కూడా చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు."

"ఇప్పుడేటి సెయ్యాల?"

"తుడిచెయ్యొచ్చు. ఇంకా వారం గడువుంది. గుర్తులన్నీ పోతాయి. మీ వంట తిరిగి వస్తుందని నా నమ్మకం, కాని అంతా వస్తుందని మాట ఇవ్వలేను."

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం మొదటిసారి గట్టిగా దెబ్బలాడుకున్నారు.

"ఒగ్గీకు నూకాలూ" అన్నాడు పోలయ్య. "పులుసు నేకపోతే సచ్చిపోనుగా. గంజి సాలు నాకు. నువ్వు మందులట్ట సదివినావు. మన పేటలో ఏ ఆడదానికొచ్చు?"

"పదకొండు రోజులు మాడు తిన్నావు. నోరు మూసుకుని తిన్నావు. నా సేతి కూడు నీకు ముద్ద దిగకపోతే, నాను ఎన్ని గుర్తులు సదివితే మట్టుకేటి?"

"అయితే తుడిపించీసుకుని, మల్లీ నన్ను మెరుపుల్లోకి తొయ్యి."

ఇద్దరూ చెరోవైపు తిరిగి కూర్చున్నారు. అతను అన్నదీ నిజమే, ఆమె అన్నదీ నిజమే. గుర్తులు పోతే పని మానాలి, ఉంటే వంట పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూకాలమ్మ గోడకేసి చూస్తూ ఆ తెల్లగదినే తలుచుకుంది. వాసన లేదు, చప్పుడు లేదు. పొయ్యి గురించి నేర్పడానికి పొయ్యి లేని చోటికి తీసుకెళ్ళారేమిటి అనిపించింది. అప్పుడు ఒక్కసారిగా ఆమెకి సంగతి బోధపడింది.

మర్నాడు సువర్చల గదిలో కుర్చీ చూపించకముందే చెప్పింది.

"కొత్త కోడల్ని తెచ్చి అత్త పీట మీదే కూకోబెట్టినారమ్మా. అత్త ఎల్లిపోదేటి మరి. పక్కని ఇంకో పీట ఎయ్యాల. ముందు అంతా తుడిచీండి. అత్త ఇంటికొచ్చినాక, నా పొయ్యికాడికి ఆ పట్టీ తీసుకురండి. నాను ఒండుతుంటాను. ఆవాలు ఏగుతుంటే, అప్పుడు సూపించండి నిప్పు గుర్తు. అది అత్తని సూసి పక్కని కూకుంటాది."

సువర్చల కాగితం తీసుకుని, ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకుంది.

తుడవడానికి ఒక పూట పట్టింది. గుర్తులన్నీ ఆ పూటే పోయాయి. లిఫ్టు ముందు నూకాలమ్మ మళ్ళీ ఎవరైనా వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వంట మాత్రం తిరిగి రాలేదు. మొదటిరోజు రాలేదు, రెండోరోజు రాలేదు. క్యాంటీన్లో నలభైమంది డాక్టర్లూ బ్రెడ్డు తిని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నూకాలమ్మ అటు చదువూ ఇటు వంటా లేని మనిషై, పొయ్యి ముందు ఉత్త చేతులతో కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఆమె ఎప్పుడూ పడలేదు. పేటలో మంత్రాలు వేసే అప్పలాచారిని పిలిచి తాయెత్తు కట్టించుకుందామా అని కూడా అనుకుంది.

మూడోరోజు పొద్దున చింతపండు పిసుకుతుంటే, ఇంకా పచ్చిగా ఉందని ముక్కు చెప్పింది. నూకాలమ్మ చెయ్యి అలాగే నీళ్ళలో ఉంచేసి, కదిలితే పోతుందేమోనని కదలకుండా కూర్చుంది. పోలేదు. సాయంత్రానికి అన్నం చప్పుడు వచ్చింది. మర్నాటికి ఆవాలు వచ్చాయి, పప్పు వచ్చింది, వంకాయ వచ్చింది.

అప్పుడు సువర్చల పట్టీ పట్టుకుని క్యాంటీన్ వంటింట్లోకి దిగింది. తెల్లకోటు మీద పసుపు పడింది, ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ములు ఆగలేదు. నూనె కాగుతుంటే ఒక గుర్తు, ఆవాలు చిట్లుతుంటే ఒక గుర్తు, ఫ్రిజ్‌లోంచి తీసిన చేప చేతిలో కరుగుతుంటే మంచు గుర్తు. తెల్లగదిలో మూడు రోజులు పట్టిన చోట ఇక్కడ మూడు వారాలు పట్టింది. పంతొమ్మిదిలో పదకొండే వచ్చాయి. వంట మాత్రం ఒక్క ఆవగింజంత కూడా కదల్లేదు.

"మిగతా ఎనిమిదీ?" అంది సువర్చల తుమ్ముతూనే.

"అక్కర్నేదమ్మా. అయ్యి తెల్సినోల్లని నాను ఇంతవరకూ సూడనేదు" అంది నూకాలమ్మ. సువర్చలకి నవ్వొచ్చింది. ఆ పూటే ఆమె నూకాలమ్మ పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి పోపు వేసింది. ఆ తర్వాత ఆ పరిశోధనశాలలో పట్టీ కట్టేవాళ్ళని ముందుగా అడిగే ప్రశ్న మారింది. మీకు ఏమి రాదు అని కాకుండా, మీకు ఏమి వచ్చు అని అడిగేవారు.

అయితే ఒకటి తిరిగి రాలేదు. చేపల పులుసు దించే సమయం.

పదహారేళ్ళప్పుడు అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. పులుసు చిక్కబడి, నూనె పైకి తేలి, ఇంకో రెండు ఉడుకులు ఉడికితే ముక్క విరుగుతుందనగా ఒక వాసన వస్తుంది. ఇప్పుడు ఆ వాసన ఆమెకి తెలియడం లేదు. సువర్చల బొమ్మలన్నీ తిరగేసి, ఆ చోటు ఖాళీగా ఉందని చెప్పింది. క్షమించమని కూడా అడిగింది. నూకాలమ్మ ఇంటికొచ్చింది. అత్తగారు మళ్ళీ చచ్చిపోయినట్టు ఉంది ఆమెకి.

పోలయ్య అంతా విన్నాడు. విని, ఒంటిచేత్తో పీట ఈడ్చుకుంటూ వచ్చి పొయ్యి పక్కన వేసుకున్నాడు.

"నలభై ఏల్లు తిన్నాను. ఎప్పుడు దించాలో నాకు తెల్దేటి? పెట్టు పులుసు."

మొదటి ఆదివారం అతను ఆలస్యంగా చెప్పాడు, ముక్కలు విరిగిపోయాయి. రెండో ఆదివారం తొందరపడ్డాడు, పులుసు నీళ్ళగా ఉంది. తినడం వేరు, దించడం వేరని అతనికీ తెలిసొచ్చింది. మూడో వారం కుదిరింది. అతను "దించు" అన్నాడు, ఆమె దించింది. ఈలోగా మధ్యాహ్నాల సంగతి కూడా కుదిరింది. నూకాలమ్మ తనకొచ్చిన పదకొండు గుర్తుల్నీ బొగ్గుతో గోడ మీద వేసి, పట్టీ గిట్టీ లేకుండా, రోజుకొకటి చొప్పున అతనికి నేర్పింది. మరిచిపోయినప్పుడల్లా తిట్టింది. ఇప్పుడు రోజూ పన్నెండున్నరకి క్యాంటీన్ ఫోను మోగుతుంది. "తిన్నాను, ఏడిగానే ఉంది" అని చెప్పి పెట్టేస్తాడు.

అయిదో ఆదివారం కానాగంతలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. పోలయ్య పీట మీద కూర్చుని ఆవిరి పీలుస్తున్నాడు. నూకాలమ్మ కుండకేసి చూడటం లేదు. అతనికేసి చూస్తోంది. కుడివైపు మూతి ఎప్పటిలాగే జారి ఉంది. ఎడమవైపు మూతి ఇంకా కదలలేదు. ఇంకా కదలలేదు. అప్పుడు ఆ చివర సన్నగా, వెంట్రుకవాసి పైకి లేచింది.

ఆమె కుండ దించేసింది.

"నానింకా సెప్పనేదు కదే" అన్నాడు పోలయ్య.

"నీ మూతి సెప్పింది."

పోలయ్య ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే ఇంకో ముక్క తీసుకున్నాడు. గుమ్మంలో పిల్లి వచ్చి కూర్చుంది. నూకాలమ్మ దానికి తోకముక్క వేసి, అది తినడం మొదలెట్టేదాకా చూసి, తనూ పళ్ళెం తెచ్చుకుంది.